బోర్డు మీద ఆ లైను ఎందుకు తీసేశామంటే

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇప్పటికే చూసి ఉంటారు. మన జొన్న రొట్టెల సెంటర్ బోర్డు మీద "తాతల నాటి తిండి, తాతల నాటి ఆరోగ్యం" అని ఉండేది. పోయిన వారం దాని మీద రంగు వేయించాను. "ఏందక్కా, షాపు అమ్మేస్తున్నవా?" అని కొందరు అడిగారు. అమ్మట్లేదు. ఈ ఎండాకాలం మధ్యాహ్నాలు గిరాకీ లేక జిల్లా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివాక ఆ మాట కింద నిలబడి రొట్టెలు అమ్మబుద్ధి కాలేదు.

మొదటిది సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. మన ఉమ్మడి పాలమూరు మనిషే, గద్వాల దిక్కు. 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు దక్కిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. చరిత్ర కదా, రాజులూ యుద్ధాలూ ఉంటాయనుకుని తెరిచాను. ఆయనేమో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాలూ చాటువులూ తవ్వుకుంటూ పోతారు. భాష కొంచెం పాతకాలపుది, ఓపిక పట్టాలి. తిండి మాట వచ్చిన చోటల్లా నేను ఆగి మళ్లీ చదివాను. మన యాపారం అలాంటిది మరి.

అది చదువుతుంటే శ్రీనాథుడు పల్నాడుకు పోయి విసుక్కున్నాడని చెప్పుకునే పద్యం గుర్తొచ్చింది. "జొన్న కలి, జొన్న యంబలి, జొన్నన్నము, జొన్న పిసరు, జొన్నలె తప్పన్, సన్నన్నము సున్న సుమీ" అని. బడిలో నవ్వుకుంటూ బట్టీ పట్టిన పద్యమే. ఇప్పుడు జొన్నలమ్ముకుని బతికే మనిషిగా చదివితే వేరేగా వినిపించింది. అంటే ఆరు వందల ఏళ్ల కిందటే సన్నబియ్యం ఉన్నోళ్ల తిండి, జొన్న లేనోళ్ల తిండి. కవిగారి వెటకారం సంగతి పక్కన పెడితే, అక్కడి జనం జొన్నను ఏరి కోరి తినలేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇంటికి పోయి మా అత్తమ్మను అడిగాను, మీ కాలంలో జొన్నలు ఎందుకు తినేవాళ్లని. "ఇష్టపడి తిన్నమా? బియ్యం లేక తిన్నం" అంది. వాళ్లింట్లో వరి బువ్వ పండుగకో, చుట్టాలొస్తేనో. మామయ్య మేస్త్రీ వెంట ప్రాజెక్టు పనికి వలస పోయేటప్పుడు ఎండబెట్టిన జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి పంపేదట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఊరు ఊరంతా అటు మళ్లింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు, అత్తమ్మ రెండు పూటలా అదే తింటుంది. నా రొట్టె పెడితే పంటికి రాదంటుంది. ఆమెను పక్కన పెట్టుకుని "తాతల నాటి ఆరోగ్యం" అని నేనెట్లా అమ్మాలి?

నిజానికి ఆ లైను మా బోర్డు ఆర్టిస్టు కలిపింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు అందరూ మిల్లెట్, మిల్లెట్ అంటుంటే మేమూ కొత్త బోర్డు రాయించుకున్నాం. గిరాకీ కూడా పెరిగింది, కాదనను.

ఇంకోటి ఉంది. జొన్న రొట్టె చేయడం చూసినవాళ్లకు తెలుసు. పిండిలో మసిలే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే పిసకాలి. గోధుమ పిండిలా సాగదు కదా, ఆ వేడికే జిగట వస్తుంది. గిర్నీ పట్టించి ఎక్కువ రోజులైన పిండి అయితే ఎంత పిసికినా అంచులు పగులుతాయి. ముద్దను అరచేత్తో కొడుతూ, తిప్పుతూ, పల్చగా చేసి పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్ది, తిప్పి కాల్చాలి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇదే పని. రాత్రికి మా దగ్గర పనిచేసే అక్కల భుజం లేవదు. పాతకాలంలో ఈ పని ఇంట్లో ఆడవాళ్లు రోజూ చేశారు, జీతం లేకుండా. జొన్న పోయిందని ఏడ్చే వ్యాసాలు చాలా చూశాను, ఈ భుజాల మాట వాటిలో కనపడలేదు.

రెండో పుస్తకం వట్టికోట ఆళ్వారుస్వామి గారి కథలు, 'జైలు లోపల'. ఈయన నల్లగొండ జిల్లాలో పుట్టినవాడు. వంట చేసి, హోటల్లో పని చేసి బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తానే పుస్తకాలు మోసుకుపోయి అమ్మినవాడు. తోటి ఖైదీలను దొంగ అనో హంతకుడు అనో తీసిపారేయకుండా, ఆ మనిషి అక్కడిదాకా ఎందుకొచ్చాడో చూస్తాడు. అందులో రొట్టెల ముచ్చటేం లేదు. కానీ హోటల్లో పని చేసిన మనిషి రాశాడన్న ఎరుకతో చదువుతుంటే, మా పెనాల దగ్గర కూర్చున్న వాళ్ల వైపు కన్ను పోకుండా ఉండదు.

అందుకని కొన్ని మార్పులు. ఇకపై సోమవారం సెలవు. అక్కలకు రొట్టెకింత అని లెక్క కాకుండా నెల జీతం. దానివల్ల, జొన్నల ధర వల్ల కూడా, రొట్టె 15 నుంచి 20 రూపాయలు అవుతుంది. పల్లి కారం ఎప్పటిలాగే ఫ్రీ, పుంటికూర పప్పుకు వేరే. షుగర్ ఉన్నవాళ్లు "ఎన్నైనా తినొచ్చు కదక్కా?" అని అడుగుతుంటారు. తెల్లన్నం కంటే నయం కావచ్చు, కానీ ఇదీ పిండిపదార్థమే. ఎన్ని తినాలో మీ డాక్టరునే అడగండి, నన్ను కాదు.

మరి జొన్న రొట్టె ఎందుకు తినాలంటే, వేడి వేడిగా తింటే బాగుంటుంది కాబట్టి. కొత్త బోర్డు మీద "పచ్చజొన్న రొట్టె, తెల్లజొన్న రొట్టె, సాయంత్రం 6 నుంచి" అని మాత్రమే రాయిస్తున్నాను. ఫంక్షన్ ఆర్డర్లు ఒకరోజు ముందు చెప్పండి, పిండి ఆ పొద్దున్నే పట్టించాలి.