అగ్రోహా దిబ్బ చెప్పే చరిత్ర కూడా పాఠకులకు అందాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు, మన ఇళ్లలో దసరా నవరాత్రులు మొదలయ్యే రోజే వ్యాపార వర్గమైన అగ్రవాల్ సమాజం వారు తమ మూలపురుషుడిగా కొలిచే మహారాజా అగ్రసేన్ జయంతి జరుపుకొంటారు. నిజాముల కాలం నుంచీ బేగంబజారు ప్రాంతంలో వ్యాపారాలు చేసుకొంటున్న అగ్రవాల్ కుటుంబాలు హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి కనుక, ఆ సందర్భంగా మన పత్రికల్లోనూ వ్యాసాలు, ప్రకటనలు వస్తుంటాయి. వాటిలో చాలావరకు ఆయన అయిదు వేల ఏళ్ల కిందట ద్వాపర యుగాంతంలో పాలించాడని, అది రుజువైన చరిత్ర అన్నంత ధీమాగా రాస్తారు. సంప్రదాయం అలా చెబుతోందని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ ఆయన రాజధానిగా చెప్పుకొనే అగ్రోహాలో నేలలోంచి నిజంగా ఏం బయటపడిందో ఒక్క వాక్యమైనా కనిపించకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

సంప్రదాయ గాథ ఎంతో అందమైనది. అగ్రోహాకు కొత్తగా వచ్చి స్థిరపడే ప్రతి కుటుంబానికీ ఊళ్లోని ఒక్కో ఇంటివారు ఒక ఇటుక, ఒక రూపాయి ఇచ్చేవారట. ఆ ఇటుకలతో ఇల్లు, ఆ రూపాయలతో వ్యాపారానికి పెట్టుబడి సమకూరేవి. గోత్రానికొకటి చొప్పున పద్దెనిమిది యజ్ఞాలు తలపెట్టిన రాజు చివరి యజ్ఞంలో బలికి తెచ్చిన పశువు వేదన చూసి చలించి, ఆ బలిని ఆపించాడని, అందుకే అగ్రవాల్ గోత్రాలు పదిహేడున్నర అంటారని మరో కథ. ఈ కథలు నేటి రూపంలో ప్రచారంలోకి రావడానికి, తానూ అగ్రవాల్ అయిన కాశీ రచయిత భారతేందు హరిశ్చంద్ర 1871లో తమ కులం పుట్టుక గురించి రాసిన చిన్న హిందీ పుస్తకం చాలా తోడ్పడింది. ఆయన పాత వ్రతకథలను, పెద్దల మాటలను ఆధారం చేసుకొన్నానని చెప్పుకొన్నాడు. శాసనాలు చూసి రాసినది కాదది.

ఇక నేల చెప్పేది వినాలి. హర్యానాలోని హిసార్ జిల్లాలో, ఢిల్లీ నుంచి హిసార్ మీదుగా సిర్సా వెళ్లే రహదారి పక్కన అగ్రోహా దిబ్బ ఉంది. 1888-89లో అక్కడ మొదటిసారి తవ్వారు. 1938-39లో భారత పురావస్తు శాఖ తరఫున హెచ్.ఎల్. శ్రీవాస్తవ తవ్వారు, ఆ నివేదిక అచ్చయి బయటికి వచ్చింది 1952లో. తరువాత 1978 నుంచి కొన్నేళ్లు హర్యానా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇళ్ల గోడలు, బౌద్ధ స్తూపం ఆనవాళ్లు, నాణేలు, ముద్రలు దొరికాయి. క్రీస్తుకు పూర్వం నాటి నుంచి మధ్యయుగాల దాకా అక్కడ జనావాసం ఉన్నదని తేలింది.

వీటిలో నన్ను బాగా ఆలోచింపజేసేవి ఆ నాణేలు. క్రీ.పూ. రెండో శతాబ్దం నాటివిగా పండితులు నిర్ణయించిన ఆ రాగి నాణేల మీద బ్రాహ్మీ లిపిలో 'అగోదక' అనే ఊరి పేరు, అక్కడి 'అగాచ' జనపదం (అంటే అక్కడి జనసమూహం, వారి రాజ్యం) పేరు ఉన్నాయి. ఏ రాజు పేరూ లేదు. ఆ కాలంలో పంజాబు, హర్యానా ప్రాంతాల్లో యౌధేయులు, ఆర్జునాయనులు వంటి గణాలు (రాజు కాక జనసమూహమే పాలించుకొనే రాజ్యాలు) కూడా తమ గణం పేరుతోనే నాణేలు వేసుకొన్నాయి. అంటే అగ్రోహా ఒకప్పుడు తన నాణెం తానే ముద్రించుకొనే స్థాయి ఉన్న పట్టణమని, అక్కడి జనం తమ పేరునే దాని మీద చెక్కించుకొన్నారని మనకు రూఢిగా తెలుసు. ఇది అగ్రసేన్ గాథను తక్కువ చేసే సంగతి కాదని నా అభిప్రాయం. కొత్తవారికి ఊరంతా కలిసి పెట్టుబడి సమకూర్చిందన్న కథ, రాజు పేరు కాక జనపదం పేరు నాణెం మీద వేసుకొన్న ఊరికి చక్కగా అమరుతుంది. దీన్ని ఆ కథకు రుజువు అనలేము గాని, భక్తుడికీ చరిత్రకారుడికీ మాట కలిసే చోటు ఇదే.

ఇలాంటి అనుభవం మనకూ ఉంది. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లనే గోబద, నారన, కంవాయస, సమగోప వంటి పాలకుల పేర్లు మనకు తెలిశాయి. ఆ నాణేలు లేకపోతే శాతవాహనులకు ముందటి తెలంగాణ పాలకుల పేర్లు చీకట్లోనే ఉండిపోయేవి. అలాగే పెనుగొండలో కుసుమశ్రేష్ఠిని, వాసవీ కన్యకాపరమేశ్వరిని కొలిచే మన ఆర్యవైశ్యులు తమ 102 గోత్రాల గాథను తరతరాలుగా కాపాడుకొంటున్నారు. ఆ భక్తికి ఏ శతాబ్దమో తేల్చి చెప్పే ధ్రువపత్రం అవసరం రాలేదు. అగ్రసేన్ విషయంలోనూ అంతే. తేదీ కోసం పట్టుబట్టిన కొద్దీ గాథకు బలం పెరగదు, పైగా చరిత్ర చదువుకొన్న పిల్లలకు దాని మీద అనుమానం పెరుగుతుంది.

అగ్రసేన్‌కు ప్రభుత్వాలు గౌరవం తక్కువ చేయలేదు. 1976లో ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది. 2021లో హిసార్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అగ్రోహాలో ఆలయ సముదాయం, వైద్య కళాశాల ఉన్నాయి. ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ దగ్గర మెట్లబావిని ఆయన పేరుతోనే పిలుస్తారు, కట్టించినవారెవరో చెప్పే శాసనం దానికి లేకపోయినా. ఇన్ని పేర్లు పెట్టిన మనం ఆ దిబ్బకు మాత్రం తగినంత చేయలేదు. అదే జిల్లాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీకి 2020 కేంద్ర బడ్జెట్‌లో ప్రత్యేక స్థానం దక్కింది. అది దక్కవలసిందే, అందులో తప్పు లేదు. అగ్రోహాలో 2025లో తవ్వకాలు తిరిగి మొదలయ్యాయన్న వార్త చదివి సంతోషించాను. అయితే 1939లో ముగిసిన తవ్వకం నివేదిక కోసం పదమూడేళ్లు ఆగవలసి వచ్చిన సంగతి మరువరాదు. ఈసారి పురావస్తు శాఖ ఏయే పొరలో ఏం దొరికిందో సకాలంలో ప్రకటించి, ఇంగ్లీషులోనే కాక హిందీ, తెలుగు వంటి భాషల్లోనూ క్లుప్తంగా ప్రజలకు అందించాలని, ఆ నాణేలను అగ్రోహాలోనే అందరూ చూసేలా ప్రదర్శనకు పెట్టాలని కోరుతున్నాను.

విద్యాలయాలకు, ఆసుపత్రులకు ఉదారంగా విరాళాలిచ్చే అగ్రవాల్ సంస్థలకు ఈ నివేదికల ప్రచురణకు కొంత సాయం చేయడం భారం కాదు. జయంతి ప్రకటనల మీద పెట్టే ఖర్చులో ఒక పాలు చాలు. మీ పత్రికకు నా విన్నపం ఇది: వచ్చే జయంతి నాడు వ్యాసం వేసేటప్పుడు, గాథను గాథగా పూర్తిగా చెప్పి, దాని పక్కనే అగ్రోహా నాణెం బొమ్మను, దాని మీది అక్షరాలను, అది దొరికిన తీరును పురావస్తు విషయాలు తెలిసినవారి చేత రాయించి ప్రచురించండి.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాదు