మూడో లెగ్ గురించి బుజ్జికి

బుజ్జీ,

ఆదివారం నువ్వడిగినదానికి జవాబు చెప్పేలోపే మీ మెస్సు బెల్లు కొట్టేశారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కొబ్బరికాయల లెక్కపుస్తకం ముందు పెట్టుకున్నాను. దానికి వెనకవైపు నుంచి నేను రన్నింగ్ టైములు రాసుకుంటానని నీకు తెలుసు కదా. ముందువైపు కాయలు, వెనకవైపు సెకన్లు. ఈ ఏడాది రెండూ మధ్య పేజీల్లో కలుసుకునేలా ఉన్నాయి.

అన్ని దేశాలూ డిస్టెన్స్ మెడ్లీ రిలేకి తమ మొనగాళ్లను దింపితే ఎవరు గెలుస్తారు నాన్నా అన్నావు. నీ రూములో అందరూ కెన్యా అంటున్నారని, నువ్వొక్కదానివే అమెరికా అంటున్నావని చెప్పావు. అంతకుముందే ఇంకో మాట చెప్పి గొంతు పూడుకుపోయి ఆగిపోయావు. మీ కోచ్ నిన్ను రిలేలో చివరి 400 మీటర్ల నుంచి తీసి మూడో లెగ్‌లో, అంటే మూడో మనిషి వంతులో, 300కి పెట్టారని. ఆ మాట కూడా వదిలిపెట్టను, కాస్త ఆగు.

మీరు పరిగెత్తే మెడ్లీలో నలుగురూ వరసగా 100, 200, 300, 400 మీటర్లు. డిస్టెన్స్ మెడ్లీలో మొదటి మనిషి 1200, రెండో మనిషి 400, మూడో మనిషి 800, చివరి మనిషి 1600. మొత్తం 4000 మీటర్లు, ట్రాకు చుట్టూ సరిగ్గా పది రౌండ్లు. ఒలింపిక్స్‌లో ఈ పోటీ లేదు. అందుకే ఎవరికి తోచింది వాళ్లు వాదించుకోవచ్చు.

అయితే ఒకసారి తేలింది. బహామాస్‌లో నస్సావు అనే ఊళ్లో మొదట్లో వరల్డ్ రిలేస్ అని దేశాల మధ్య రిలే పోటీలు పెట్టేవారు. 2014లో అక్కడ 4×1500 పెట్టారు, నలుగురూ తలా 1500 మీటర్లు. మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ కెన్యాయే గెలిచింది, రెండింట్లోనూ ప్రపంచ రికార్డే. మరుసటేడు దాన్ని తీసేసి, అదే ఊళ్లో డిస్టెన్స్ మెడ్లీ పెట్టారు. రెండూ అమెరికా పట్టుకుపోయింది. మగవాళ్లు 9 నిమిషాల 15.50 సెకన్లు, ఆడవాళ్లు 10 నిమిషాల 36.50. మగవాళ్లలో అంతకుముందు అందరికన్నా మంచి టైము కెన్యాదే, 2006లో అమెరికా గడ్డ మీదే పరిగెత్తిన 9:15.56. అమెరికా దాన్ని 0.06 సెకన్లతో దాటింది. ఆ నలుగురిలో ఒలింపిక్స్‌లో విడిగా పతకం తెచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఏడాదిలో కెన్యావాళ్ల కాళ్లు చచ్చుబడిపోయాయా? లేదు. నలుగురూ 1500 పరిగెత్తేవాళ్లయితే వాళ్లను కొట్టడం కష్టం. మధ్యలో ఒక్క రౌండు వచ్చి పడేసరికి లెక్క మారిపోయింది. అమెరికా ఆడవాళ్లు ఆ ఒక్క రౌండుకి సాన్యా రిచర్డ్స్ రాస్‌ను దింపారు, లండన్ ఒలింపిక్స్‌లో 400 బంగారు పతకం తెచ్చినావిడ. పది రౌండ్లలో ఒక్కటే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ని.

మగవాళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, నీ మాటే నా మాట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 కోల్ హాకర్ గెలిచాడు, యారెడ్ నుగూసే మూడో స్థానం. 400 క్విన్సీ హాల్ గెలిచాడు. 800లో బ్రైస్ హాపెల్ నాలుగోవాడు, అయినా 1:41.67. నాలుగు చోట్లా గట్టి మనిషి ఉన్న దేశం నాకు అదే కనిపిస్తోంది. బ్రిటన్ వెనకే ఉంటుంది. ఆ 1500లో జాష్ కెర్ 0.14 సెకన్ల తేడాతో రెండోవాడు, 400లో హడ్సన్ స్మిత్ 0.04 తేడాతో రెండోవాడు. కెన్యాకి 800లో వాన్యోనీ ఉన్నాడు, పారిస్‌లోనూ, 2025 టోక్యో ప్రపంచ పోటీల్లోనూ బంగారం అతనిదే. కానీ 400కి మళ్లీ వెతుక్కోవాలి.

ఆడవాళ్ల దగ్గర మాత్రం నీతో ఒప్పుకోను బుజ్జీ. రెండు రాత్రులు లెక్క వేశాను. కెన్యాకి చివరి లెగ్‌లో ఫెయిత్ కిప్యేగాన్. 1500 రికార్డు 3:48.68, 3:49 లోపు పరిగెత్తిన ఆడమనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే. 2025 టోక్యోలో ఆవిడ వెనకే వెండి తెచ్చిన డోర్కస్ ఎవోయి కూడా కెన్యా మనిషే, ఆమెను 1200కి పెడదాం. అదే టోక్యోలో 800 గెలిచిన లిలియన్ ఒడిరా ఉంది, 1:54.62. ఇక 400కి ఎవరు? నువ్వు నన్ను పట్టేసుకునేది ఇక్కడే. అమెరికాకు సిడ్నీ మెక్‌లాఫ్లిన్ ఉంది, టోక్యోలో 47.78. చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది.

నేనైతే ఆ 400కి మేరీ మొరాను పెడతాను. ఆవిడ 2023 బుడాపెస్ట్‌లో 800 ప్రపంచ చాంపియన్, పారిస్‌లో కంచు. మూడో లెగ్ 800 ఆవిడదే అని ఎవరైనా అంటారు. కానీ ఆవిడ చిన్నప్పుడు 400 నుంచి వచ్చిన మనిషి. 2017లో నైరోబిలో పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల ప్రపంచ పోటీల్లో 400లోనే వెండి తెచ్చింది. ఆవిడ 400 టైము 50 సెకన్ల పైమాటే, సిడ్నీకి ఎటూ ఆనదు. రెండు మూడు సెకన్లు అక్కడ పోతాయి. పోనీ. ఒడిరా కొంత లాగుతుంది, మిగతాది కిప్యేగాన్ చూసుకుంటుంది. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ మొరా తన 800 పక్కవాళ్లకు వదిలేసి, ఓడిపోతానని తెలిసిన రౌండులోకి దిగి, తక్కువలో ఓడితే కెన్యా గెలుస్తుంది. ఆవిడ దిగనంటే ఆ నాలుగో మనిషి కెన్యాకి దొరకడం కష్టమని నా లెక్క. బ్రిటన్‌ను కూడా తీసెయ్యకు. కీలీ హాజ్‌కిన్సన్ 800 బెస్టు 1:54.61, ఒడిరా కంటే 0.01 మెరుగు. 400కి అంబర్ ఆనింగ్ ఉంది, పారిస్‌లో 49.29. అయినా నా ఓటు కెన్యాకే, మొరా 400కి ఒప్పుకుంటే.

ఇప్పుడు నీ సంగతి. నీకెప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తాను. పదో తరగతిలో జిల్లా స్కూలు పోటీలకు 4×400కి నన్ను తీసుకున్నారు. చివరి లెగ్ నాదే అనుకున్నాను, రెండోది ఇచ్చారు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పోటీ రోజు బ్యాటన్ నా దగ్గరికి వచ్చేవేళకి నా కళ్లు దానిమీద లేవు, అవతల చివరి లెగ్ కోసం కాళ్లు విదిలించుకుంటున్న కుర్రాడి మీద ఉన్నాయి. అది నా అరచేతిలో పడలేదు, మణికట్టు ఎముకకి తగిలి టంగుమని కిందపడింది. సున్నం గీత మీదుగా దొర్లుకుంటూ లోపలి గడ్డిలోకి పోయింది. జానెడు పైన పొడుగు, యాభై గ్రాముల బోలు గొట్టం. వంగి తీసుకునేసరికి మూడు టీములు వెళ్లిపోయాయి. నాకు బ్యాటన్ ఇచ్చిన కుర్రాడు అంతవరకు అందరికన్నా ముందున్నాడు. తిరుగు బస్సులో వాడు నా పక్కనే కూర్చున్నాడు, ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ నాకు బాధ కలిగించేది వాడి ముఖమే, ఓడిపోవడం కాదు.

మీ కోచ్ మనసులో ఏముందో నేను చెప్పలేను. నాకు తెలిసింది చెప్తాను. చివరి మనిషికి బ్యాటన్ అందుకోవడం ఒక్కటే పని. నీకు అందుకోవడమూ ఉంది, అందివ్వడమూ ఉంది. నువ్వు తీసుకునేది మొదటి వంపు దాటిన చోట, ఇచ్చేది ఫినిషింగ్ గీత దగ్గర. అంటే నీ ఆఖరి వంద మీటర్లు ఫినిషింగ్ ముందున్న స్ట్రెయిట్‌లో, కాళ్లు బిగుసుకుపోయే వేళ. ఆ వేళలో కూడా చెయ్యి వణక్కుండా చాచడం నీకు వచ్చు. బారువా బీచిలో తడి ఇసక మీద తమ్ముడితో కొబ్బరిమట్ట ముక్క పట్టుకుని ఆడేదానివి, అప్పటికి నువ్వు ఐదో క్లాసు గుంటవి. ఎంత రొప్పుతున్నా వాడి అరచేతిలో పెట్టి వాడి వేళ్లు మూసుకున్నాకే వదిలేదానివి. నేను గట్టు మీద నిల్చుని చూశాను.

నీకు బాధగా ఉంటే ఉండనీ. ఏడుపొస్తే రాత్రి ఏడువు. పొద్దున్న ట్రాకు మీద మాత్రం, నీకు బ్యాటన్ ఇచ్చే అమ్మాయితోనూ, నువ్వు ఇవ్వబోయే అమ్మాయితోనూ రోజూ పదేసి సార్లు మార్చి చూసుకోండి. నీ 400 తీసుకున్న ఆ అమ్మాయితోనే ముందు మొదలుపెట్టు. ఏ చేత్తో ఇస్తావో, ఏ చేత్తో అందుకుంటుందో నోటితో చెప్పుకోండి. భోజనం దగ్గర కూడా పక్కపక్కన కూర్చోండి.

పోటీకి ముందురోజు సోంపేటలో రైలెక్కి వస్తాం. అమ్మ చోడిపిండి వేయించి పెట్టింది, అంబలికి. కొత్త జీడిపప్పు కూడా తెస్తాం, నీ రూములో వాళ్లకి కూడా సరిపడా. అమ్మ ఫినిషింగ్ దగ్గర కూర్చుందామంటోంది. నేనూ సరేనన్నాను. గీత పక్కనే కూర్చుంటాం. నీ చెయ్యి ఖాళీ అయ్యేది అక్కడే కదా, అది చూడాలి మాకు.

మీ నాన్న