వెంకటేష్ సినిమాలు ఏ వరసలో చూడాలంటే

ఒరేయ్ రమణా,

రామానాయుడు గారబ్బాయి కాబట్టే వెంకటేష్ హీరో అయ్యాడన్నావు. సగం నిజమేరా. 1964లో ‘రాముడు భీముడు’ తీసిన వాళ్ల నాన్న గారి సురేష్ ప్రొడక్షన్సే 1986లో ‘కలియుగ పాండవులు’తో అతన్ని హీరోని చేసింది. రాఘవేంద్రరావు దర్శకుడు, పక్కన ఖుష్బూ. అమెరికాలో ఎంబీఏ చదివొచ్చిన కుర్రాడికి అంతకన్నా మంచి మొదలు దొరకదు. కానీ సొంత బ్యానరు మొదటి సినిమా ఇప్పిస్తుంది గానీ, ఇన్నేళ్లు జనాన్ని హాలుకి రప్పించలేదు కదా!

పేరు తెచ్చిన సినిమాలు ఎవరివో చూడు. ‘బొబ్బిలి రాజా’, ‘ప్రేమించుకుందాం రా’, ‘కలిసుందాం రా’ ఇంటివే. ‘స్వర్ణకమలం’, ‘చంటి’, ‘నువ్వు నాకు నచ్చావ్’ మాత్రం బయటివాళ్లవి. నాకైతే ఈ రెండో మూటే బరువు.

ముందు ‘స్వర్ణకమలం’ (1988) పెట్టుకో. కథంతా భానుప్రియ నాట్యానిది. ఇతను పెయింటరు. హీరోగా రెండేళ్లు నిండకుండానే, ఫైట్లూ స్టెప్పులూ పక్కన పెట్టేసి, ఆ అమ్మాయి ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు గమనించరా: మెచ్చుకోలు ఉంటుంది, నాదే అన్న ఆత్రం ఉండదు. ఎదుటివాళ్లకి చోటివ్వడం అంటే అదీ. అతన్ని ఇన్నాళ్లు నిలబెట్టింది ఆ గుణమేనని నా గట్టి నమ్మకం.

తర్వాత ‘చంటి’ (1992). తమిళంలో ప్రభు చేసిన ‘చిన్నతంబి’ ఇది. తాళి అంటే ఏంటో తెలియకుండానే కట్టేసే అమాయకుడి వేషం. ఆ అమాయకత్వం ఒక పాలు ఎక్కువైతే మతిలేనివాడిలా ఉంటాడు, తక్కువైతే ఆ తాళి కట్టడమే నమ్మబుద్ధి కాదు. రెండేళ్ల ముందే ‘బొబ్బిలి రాజా’గా ఈలలు వేయించుకున్నవాడు ఇది ఒప్పుకోవడం చిన్న సాహసం కాదు. మరుసటి ఏడాది హిందీలో ‘అనాడీ’గా మళ్లీ తనే చేశాడు.

‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) నీకు కంఠతా వచ్చే ఉంటుంది. అయినా ఈసారి భోజనాల బల్ల దగ్గర ప్రార్థన సీనులో ప్రకాష్‌రాజ్ ముఖం కూడా చూడు. నవ్వు ఇద్దరి మధ్యా పండింది.

ఎక్కడ దెబ్బతిన్నాడంటే, 2013నే తీసుకో. జనవరిలో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో పేరు కూడా లేని పెద్దోడు, ఉద్యోగం లేదు, ఉక్రోషం మాత్రం ఉంది. మన ఇళ్లలో అలాంటి అన్న ఉంటాడు కాబట్టి అందరికీ పట్టింది. అదే ఏడాది ‘షాడో’లో గ్యాంగ్‌స్టర్ హంగులు తొడిగారు, పోయింది. హంగు ఎక్కువైనకొద్దీ లోపలి మనిషి కనిపించడు. ‘సైంధవ్’ (2024) ఆడలేదు, ఏడాది తిరిగేసరికి ఇద్దరాడాళ్ల మధ్య నలిగే మొగుడిగా ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఊపేసింది. అదీ బయటి బ్యానరే, దిల్ రాజు వాళ్లది.

ఆఖర్న ‘దృశ్యం’ (2014). కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు పోలీసులు చావబాదుతున్నా చెయ్యెత్తడు. ఒక్క దెబ్బ తిరిగి కొట్టాడా, కథ అక్కడికక్కడే కూలిపోతుంది. ఎందుకంటే ఆ ఇంటి బలం చేతుల్లో లేదు, నలుగురూ ఒకే మాట మీద నిలబడటంలో ఉంది. పెద్ద హీరో దెబ్బలు తిని ఊరుకోవడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించు. దీన్ని మాత్రం ముక్కలు ముక్కలుగా చూడకురా. ఒకే ఊపులో చూడు, మధ్యలో లేస్తే వాళ్లు పోలీసులకి చెప్పే తేదీల లెక్క తప్పుతుంది.

ఉంటాను,
నీ శీను