కప్పీల సంగతి సరే, బాణం దేని మీద ఆనుతోంది?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కాంపౌండ్ విల్లు గురించి ఒక పేజీ వేశారు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టడం, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ రావడం, అన్నీ బాగా రాశారు. ఒక్కచోట మాత్రం, ఈ విల్లుకి కప్పీలుంటాయి కాబట్టి సగం పని యంత్రమే చేసిపెడుతుందని, మనం గురి చూసి వదిలితే చాలని తేల్చేశారు. అది చదివి మా మేనల్లుడు బెజవాడ నుంచి ఫోన్. "మావయ్యా, డిసెంబర్లో వచ్చేటప్పుడు అమెరికాలో వేటకి వాడే విల్లు ఒకటి పట్టుకురా, అదైతే ఇంకా పవర్‌ఫుల్ అంట కదా" అని. నేను పిట్స్‌బర్గ్ శివార్లలో ఉంటాను, ఆఫీసులో ఒక స్నేహితుడి పుణ్యమా అని పదేళ్లుగా అక్టోబరు వస్తే విల్లు పట్టుకుని జింకల వేటకి పోతున్నాను (మా అమ్మకి ఇది తెలిస్తే నెల రోజులు నా ఫోన్ ఎత్తదు, అందుకే పేరు వెయ్యొద్దని మనవి). వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే మీకూ రాస్తున్నా.

కప్పీలు చేసే మేలు నిజమే. మిస్సౌరీలో హాలిస్ విల్బర్ అలెన్ అనే ఆయన 1966లో దరఖాస్తు పెట్టి 1969 చివర్లో పేటెంటు తెచ్చుకున్న ఆలోచన అది. లాగడానికి 70 పౌండ్ల బలం పట్టే విల్లు పూర్తిగా లాగాక చేతి మీద 14, 15 పౌండ్ల బరువే ఉంటుంది, అందువల్ల జింక పక్కకి తిరిగేదాకా చెయ్యి వణక్కుండా ఆగొచ్చు. అయితే యంత్రం సాయం నారి వదిలేదాకానే. వదిలాక బాణం నారిని విడిచి వెళ్లిపోవడానికి సెకనులో 50వ వంతు కూడా పట్టదు, ఆ కాస్త సమయంలో దాన్ని కింద నుంచి మోసేది విల్లు పిడికి బిగించిన వేలెడంత ముక్క ఒకటి. యారో రెస్ట్ అంటారు. విల్లుకి పన్నెండు వందల డాలర్లు పోసినవాళ్లు కూడా దీన్ని కౌంటర్ దగ్గర చివరి నిమిషంలో, షాపువాడు ఏది చేతికిస్తే అది తీసుకుంటారు. నేనూ అంతే చేశాను.

నా మొదటి సీజన్లో ఇక్కడి షాపులో ఒకతను డ్రాప్ అవే రెస్ట్ బిగించి ఇచ్చాడు. నారి లాగుతుంటే అది లేచి బాణాన్ని ఎత్తి పట్టుకుంటుంది, వదలగానే కిందికి పడిపోయి బాణం ఈకలకి దారిస్తుంది. దాన్ని లేపేది ఒక సన్నటి తాడు, దాని రెండో కొస విల్లు కేబుల్‌కి (నారితో పాటు కప్పీల మధ్య నడిచే దారానికి) కట్టి ఉంటుంది. సరిగా చెయ్యాలంటే విల్లుని ప్రెస్‌లో (కొసలు నొక్కి నారిని వదులు చేసే యంత్రంలో) పెట్టి, కేబుల్ పోగులు విడదీసి, తాడుని మధ్యలోంచి దూర్చి దారంతో బిగించి చుట్టాలి. మనవాడు ఆ తంటా ఎందుకని చిన్న క్లాంపు ఒకటి పెట్టి స్క్రూ తిప్పేశాడు. నాకేం తెలుసు, నెల రోజులు ఇంటి వెనక ప్రాక్టీసులో బాగానే పనిచేసింది.

నవంబరు మొదటి వారం, చెట్టు మీద కట్టిన స్టాండ్‌లో కూర్చున్నా, కమ్మీల మీద మంచు పేరుకుని ఉంది, చేతి తొడుగుల్లోంచి కూడా చలి కొరుకుతోంది. ఏడున్నరకి తెల్లతోక జింక ఒకటి, మంచి కొమ్ములది, 22 గజాల్లోకి వచ్చి తల వంచి మేస్తోంది. మెల్లగా లాగాను. రెస్ట్ లేవలేదు. బాణం ముందుకొస ఒరిగి పిడి లోహానికి తగిలి టక్‌మంది, అంతే. జింక తల ఎత్తి సరిగ్గా నా వంకే ఒక్క క్షణం చూసి, తోక తెల్లగా జెండాలా లేపి పొదల్లోకి దూకింది. కిందికి దిగి చూస్తే క్లాంపు కేబుల్ మీద అంగుళం పైనే జారి ఉంది. ఆ రెస్ట్ తప్పు కాదు, కట్టిన తీరు తప్పు, అయినా ఆ రోజు కోపమంతా రెస్ట్ మీదే చూపించి ఊడబీకి అవతల పారేశా.

తర్వాత రెండేళ్లు విస్కర్ బిస్కెట్ వాడాను. పేరు విని మావాళ్లంతా నవ్వారు కానీ చూస్తే నిజంగానే బిస్కెట్‌లా ఉంటుంది, గుండ్రటి చట్రం నిండా బ్రష్ కుచ్చులాంటి వెంట్రుకలు, నడుమ బాణం పట్టేంత కన్నం. పక్కన ఉన్న చీలికలోంచి బాణాన్ని నొక్కితే లోపల కూర్చుంటుంది, ఇక విల్లుని తలకిందులు చేసినా పడదు. తాడు లేదు, స్ప్రింగు లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. యాభై అరవై డాలర్లలో వచ్చేస్తుంది. కొత్తగా వేట మొదలుపెట్టే ఎవరికైనా, వాళ్లు ఎంత డబ్బున్నవాళ్లైనా సరే, ముందు ఇదే కొనమంటాను. 25 గజాల్లోపు వేసే బాణానికి ఇంతకు మించి అక్కర్లేదు. చిక్కులు లేవని కాదు. ప్రతి బాణం ఈకలూ ఆ వెంట్రుకల్లోంచి రాసుకుంటూ పోవాలి కాబట్టి వేగం కాస్త తగ్గుతుంది, ప్లాస్టిక్ ఈకలు ముడతలు పడతాయి, పక్షి ఈకలు కట్టిన బాణమైతే వారంలో పాడైపోతుంది. కొన్ని వందల బాణాలకి అడుగు వెంట్రుకలు అరిగి బాణం వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, మనమేమో సైట్ (గురి చూసే పరికరం) తప్పనుకుని దాన్ని తిప్పుతూ కూర్చుంటాం. క్రిస్మస్ తర్వాత సీజన్లో మంచువాన పడితే వెంట్రుకలు గడ్డకట్టి అట్టముక్కలా అయిపోతాయి, మధ్యమధ్యలో నోటితో ఊదుకోవాలి.

ఇప్పుడు నా దగ్గరున్నది మళ్లీ డ్రాప్ అవేనే, కాకపోతే తాడు కేబుల్‌కి కాదు, విల్లు కొమ్మకి (పిడికి పైనా కిందా ఉండి లాగితే వంగే భాగానికి) కట్టే రకం. ఇందులో స్ప్రింగు రెస్ట్‌ని ఎప్పుడూ పైకి నెడుతుంటుంది, విల్లు లాగకుండా ఉన్నప్పుడు కొమ్మే తాడుతో దాన్ని కిందికి లాగి ఉంచుతుంది. లాగితే కొమ్మ వంగి తాడు వదులై రెస్ట్ లేస్తుంది, వదిలితే కొమ్మ తిరిగి సాగి దాన్ని కిందికి గుంజేస్తుంది. దీంట్లో నాకు నచ్చింది ఒకటే, తాడు తెగినా రెస్ట్ పైనే ఉండిపోతుంది, ఈకలు రాసుకున్నా ఆ బాణం మటుకు వెయ్యొచ్చు. కేబుల్ రకంలో తాడు పోతే లేవనే లేవదు, నా కథ చెప్పాను కదా. అలాగని కేబుల్ రకం పనికిరాదని అనను. క్యూఏడీ అనే కంపెనీ వాళ్ల అల్ట్రారెస్ట్ లాంటివి బొటనవేలితో ముందే ఎత్తి పెట్టుకోవచ్చు, బాణం చుట్టూ మూసుకుని ఉంటుంది, లాగిన నారిని వెయ్యకుండా మెల్లగా వెనక్కి దించినా రెస్ట్ పడిపోదు. చెట్టెక్కకుండా నేల మీద నక్కుతూ నడిచి వేటాడేవాళ్లకి అదే మేలు. నేను గంటల తరబడి ఒకచోట కూర్చునే రకం కాబట్టి నాకు ఆ అవసరం రాలేదు.

కొనేముందు చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. కుడిచేతివాళ్లకీ ఎడమచేతివాళ్లకీ రెస్ట్ వేరు, మా స్నేహితుడొకడు ఆన్‌లైన్లో తొందరపడి తప్పుది తెప్పించి మూడు వారాలు తిప్పి పంపే పని మీదే ఉన్నాడు. రెండోది బిగింపు, పాత పద్ధతిలో పిడికున్న మరకన్నంలో బోల్టు వేస్తారు, ఈమధ్య వస్తున్న కొన్ని విల్లులకి వెనకవైపు గాడి ఉంటుంది, ఆ గాడికి తగిన రెస్టే కూర్చుంటుంది.

ఇక ఏ రెస్టైనా సరే, బిగించాక ఈకలు దేనికైనా తగులుతున్నాయో లేదో చూడకుండా అడవికి పోకూడదు. కన్నుకి కనపడే వేగం కాదు అది. మా ఆవిడ లిప్‌స్టిక్ తీసుకుని ఈకల అంచులకి పూశాను (కొత్తది, ఇంకా మాట పడుతూనే ఉన్నా), బాణం వేసి రెస్ట్ చూస్తే, బాణం ఆనే రెండు కొమ్ముల్లో ఎడమదాని మీద ఎర్రటి గీత. నాక్‌ని (బాణం తోకన నారికి తగిలించే గాడి ముక్కని) కాస్త తిప్పి పెడితే పోయింది. తర్వాత ఆరడుగుల దూరంలో కాగితం బిగించి దాంట్లోంచి వెయ్యాలి. గుండ్రటి చిల్లు, చుట్టూ ఈకల గాట్లు పడితే సరే, పక్కకి చిరిగితే రెస్ట్‌ని పిసరంత జరిపి మళ్లీ. మామూలు మొన పెడితే ఈ తప్పు పెద్దగా తెలియదు, వేట ములికి పదునైన రెక్కలతో ఉంటుంది, గాలి దాన్ని పట్టి బాణాన్ని పక్కకి తోసేస్తుంది. గురి తప్పి గాయపడిన జింక వెనక చీకట్లో టార్చిలైటు పట్టుకుని నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ పోవడం ఎంత బాధో అనుభవించినవాడికే తెలుసు. ఒక్కసారి పోయాను, చాలు.

మా మేనల్లుడి విషయానికొస్తే వాడికి ఇవేవీ అక్కర్లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వేట మాటే లేదు. పోటీలకంటారా, వేటవిల్లు పొట్టిగా ఉంటుంది, చెట్టు మీద కొమ్మలకి తగలకుండా అలా చేస్తారు, 50 మీటర్ల గురికి పొడవాటి విల్లు నిలకడ వేరు. పైగా పోటీల్లో లాగుడు బరువు 60 పౌండ్లు దాటకూడదు, ఇక్కడ షాపుల్లో వేలాడేవాటిలో చాలామట్టుకు 70వి. రెస్ట్ కూడా వాళ్లది వేరే, పాము నాలుకలా చీలిన సన్నటి ఉక్కు రేకు, దాని మీద బాణం ఊరికే అలా ఆని ఉంటుంది. గాలికి కూడా జారిపోతుంది కానీ మైదానంలో కదలకుండా నిలబడి వేసేవాళ్లకి దానంత నమ్మకమైనది లేదు. దాన్ని చెట్టెక్కిస్తే నవ్వులపాలే, బిస్కెట్‌ని పోటీకి తీసుకెళ్లినా అంతే. తర్వాత ఎప్పుడైనా ఈ విషయం మీద రాస్తే ఈ రెండు విల్లుల తేడా ఒక్క పేరాలో చెప్పండి, ఫోన్ చేసేది మా మేనల్లుడు ఒక్కడే అయి ఉండడు.

వాడికి డిసెంబర్లో ఆ ఉక్కు రేకు రెస్టొకటి, అరిగితే మార్చుకోడానికి నాలుగు రేకులూ తెస్తానన్నాను. లిప్‌స్టిక్ మాత్రం వాళ్లమ్మని అడిగి తీసుకోమన్నా.

ఇట్లు,
మీ పాఠకుడు, పిట్స్‌బర్గ్