ముసుగు మనిషి కాదు, ముక్కలు చెప్పాలి

రమణా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. టీవీలో నిందితుడికి ముసుగు వేసి, చుట్టూ పోలీసులు నిలబడి, "ఎక్కడ పొడిచావు, ఎటు పారిపోయావు" అని నడిపించడమే సీన్ రీకన్‌స్ట్రక్షన్ అనుకుంటున్నావన్నమాట. నాకైతే ఆ తతంగం మీద నమ్మకం లేదు. పోలీసుల చేతిలో ఉన్నవాడు ఏది చూపించమంటే అది చూపిస్తాడు. అయినా పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు కదా! దానివల్ల ఏదైనా వస్తువు దొరికితే, అంతవరకే విలువ. 2019 డిసెంబరులో దిశ కేసు నిందితులను సీన్ రీకన్‌స్ట్రక్షన్ అంటూ తెల్లవారుజామున చటాన్‌పల్లికి తీసుకెళ్తే, నలుగురూ తిరిగి రాలేదు. చంపాలనే ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. రీకన్‌స్ట్రక్షన్ అన్న మాట వింటేనే నాకు చిరాకు పుట్టడానికి కారణం అదే.

దొరికిన ముక్కలతో జరిగినదాన్ని తిరిగి నిలబెట్టే అసలు పనితనం చూడాలంటే రాజీవ్ గాంధీ హత్య కేసు చదువు. 1991 మే 21 రాత్రి, శ్రీపెరంబుదూరు. బాంబు పూలబుట్టలో ఉందా, దండలో ఉందా అని తలా ఒక మాట. తమిళనాడు ఫోరెన్సిక్ విభాగం డైరెక్టర్ పి. చంద్రశేఖరన్ మాత్రం నేల మీద పడి ఉన్నవాటినే అడిగాడు. ఒక స్త్రీ తల దొరికింది, కాళ్లు దొరికాయి, మొండెం మాత్రం లేదు. చేతిలోని వస్తువు పేలితే శరీరం అలా పోదు. పేలుడు ఆమె నడుము దగ్గరే జరిగి ఉండాలి. డెనిమ్ గుడ్డ పేలికలు, వైరు ముక్కలు, బ్యాటరీ, చిన్న ఉక్కు గుండ్లు ఏరి, కలిపి చూస్తే ఒంటికి కట్టుకునే బెల్టు బాంబు రూపం తేలింది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఫొటోలు తీస్తున్న హరిబాబు చనిపోయాడు కానీ అతని కెమెరా బతికింది. అందులో పది ఫొటోలు. గంధపు దండ పట్టుకుని నిలబడిన కళ్లజోడు అమ్మాయి, పక్కన విలేకరిలా కుర్తా పైజామా వేసుకున్న శివరాసన్, ఆ కుట్రను నడిపించినవాడు! దొరికిన తల, సల్వార్ కమీజ్ పేలికలు ఆ ఫొటోతో సరిపోయాయి. అప్పట్లో హైదరాబాదులో సీఆర్‌పీఎఫ్ ఐజీగా ఉన్న కార్తికేయన్‌ను పిలిచి ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) అప్పగించారు. ఆ బృందానికి నోరు విప్పే నిందితుడు దొరక్కముందే ఇంత కథ చేతిలో ఉంది.

2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లాలి, వీడియో తీయాలి. రాష్ట్రాలకు మాత్రం అయిదేళ్ల వరకు గడువు ఇచ్చారు. మీ తమ్ముడు ఎస్సై కదా, వాళ్ల స్టేషన్లో నిపుణుడు నిజంగా వస్తున్నాడా, లేక జనం తొక్కేశాక వస్తున్నాడా? అడిగి రాయి.

నీ
శ్రీను