శాన్ పాంచో ఊరికి మా అమ్మ తరఫున, మా తరఫున కృతజ్ఞతలు

నవంబరు చివరి వారంలో, థాంక్స్‌గివింగ్ సెలవులకు, ఆరిజోనాలోని చాండ్లర్ నుంచి నేను, మా వారు, మా అబ్బాయి, ఆరు నెలలు మాతో గడపడానికి తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కలిసి మెక్సికో పసిఫిక్ తీరంలోని శాన్ పాంచో అనే ఊరికి వెళ్లాము. అక్కడ మా అమ్మను తేలు కుట్టిన రాత్రి మమ్మల్ని ఆదుకున్న ప్రతి ఒక్కరికీ ఈ కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను. ఊరివారికి మా అబ్బాయి తనకు వచ్చిన స్పానిష్‌లో విడిగా ఉత్తరం రాసి పంపాడు. ఇది తెలుగులో రాయడానికి కారణం, ఆ రాత్రి సాయపడిన వారిలో ఒక తెలుగు యువకుడు కూడా ఉండడం.

ఊరి అసలు పేరు శాన్ ఫ్రాన్సిస్కో. ఆ పేరున్నవారిని మెక్సికోలో ముద్దుగా పాంచో అంటారు కనుక ఊరికీ అదే పేరు నిలిచింది. నయారీత్ రాష్ట్రంలో, ప్వెర్తో వయార్త విమానాశ్రయానికి ఉత్తరంగా సుమారు గంట ప్రయాణం. పక్కనున్న సయులీతాలోని సందడి ఇక్కడ లేదు. హైవే నుంచి సముద్రం దాకా సాగే పెద్ద వీధి పేరు తెర్సెర్ ముందో, అంటే మూడవ ప్రపంచం. 1970 నుంచి 1976 వరకు మెక్సికో అధ్యక్షుడిగా ఉన్న లూయిస్ ఎచెవెరియాకు ఈ ఊళ్లో విడిది ఉండేది. వర్ధమాన దేశాల పక్షాన మాట్లాడిన ఆయన ఈ పల్లెను ఆదర్శ గ్రామంగా తీర్చాలనుకుని రాళ్లు పరిచిన వీధులు, బడి, ఆసుపత్రి కట్టించారు. పగలు ఆ వీధి పేరు చదివి మేము నవ్వుకున్నాము. ఆ రాత్రి పదకొండు గంటలకు ఆ ఊరి ఆసుపత్రి మెట్లే ఎక్కవలసి వచ్చింది.

మేము దిగిన ఇంటికి తాటాకు పందిరి వంటి ఆకుల కప్పు ఉంది. దానిని అక్కడ పలాపా అంటారు. అమ్మ చేయి కడుక్కుని కొక్కేనికి ఉన్న తువ్వాలు అందుకోగానే వేలి మీద కుట్టింది. వేలెడంత కూడా లేని, సన్నని, లేత గోధుమ రంగు తేలు. అమ్మ కంగారు పడలేదు. చిన్నప్పుడు పొలంలో రెండుసార్లు కుట్టించుకున్న మనిషి. చింతగింజ అరగదీసి అంటిస్తే విషం లాగేస్తుందని, ఎక్కడైనా ఒక్క గింజ దొరుకుతుందేమో చూడమని అడిగింది. నేను తలుపు తట్టి ఇంటి యజమానురాలిని "తమరిందో" అని అడిగితే, పాపం ఆవిడ దాహమనుకుని చింతపండు పానకం పట్టుకొచ్చారు. ఆ దేశంలో చింతపండుకు కొదవ లేదు, కానీ ఆ గ్లాసు అమ్మ పెదవులకు చేరే సరికే నాలుక మొద్దుబారుతోందని, గొంతులో వెంట్రుక అడ్డుపడినట్టుందని చెప్పింది.

"గొంతులో వెంట్రుక" అని నేను సైగలతో చూపించిన మరుక్షణం ఆవిడ ముఖం మారింది. గ్లాసు పక్కన పెట్టి, చచ్చిన తేలును గాజు సీసాలో వేసి, తన దుప్పటి అమ్మకు కప్పి, తమ్ముణ్ణి నిద్రలేపి పికప్ ట్రక్కు తీయించారు. మధ్యాహ్నం భోజనం అడిగితే గంటకు గాని వడ్డించని ఊరు అది. ఆ రాత్రి కుట్టిన అరగంటలోపే మా అమ్మ చేతికి సెలైన్ సూది ఎక్కింది. నయారీత్ తేలు మెక్సికోలోని అతి విషపూరితమైన తేళ్లలో ఒకటనీ, అక్కడివారికి ఆ లక్షణాలన్నీ కంఠతా వచ్చనీ తరువాత తెలిసింది.

ఆసుపత్రిలో మా అబ్బాయి స్పానిష్ రెండు వాక్యాలతో అయిపోయింది. ఫీనిక్స్‌లోని ఒక మిత్రురాలి ద్వారా, గ్వాదలహారాలో ఐటీ ఉద్యోగం చేస్తున్న తెలుగు యువకుడి నంబరు దొరికింది. మమ్మల్ని ఎన్నడూ చూడని అతను తెల్లవారుజామున మూడు గంటల వరకు ఫోన్‌లోనే ఉండి, అమ్మ తెలుగును డాక్టరుకు స్పానిష్‌లో, డాక్టరు మాటను అమ్మకు గుంటూరు తెలుగులో చెప్పాడు. పేరు రాయవద్దన్నాడు కనుక రాయడం లేదు. బాబూ, నీకు మా ఇంట్లో ఎప్పుడు వచ్చినా భోజనం సిద్ధంగా ఉంటుంది.

అతని వల్లే ఒక పెద్ద పొరపాటు తప్పింది. ఈలోగా తెనాలి నుంచి బంధువులు ప్రాజోసిన్ మాత్ర వేయించమని ఒకటే ఫోన్లు. మన ఎర్ర తేలు విషం గుండె మీద దెబ్బ కొడుతుంది కనుక మన దగ్గర ఆ మాత్ర వాడతారనీ, ఇక్కడి తేలు విషం ముఖ్యంగా నరాలను పట్టుకుంటుందనీ, దానికి గుర్రాల రక్తం నుంచి తీసిన విరుగుడు ఉందనీ డాక్టరు ఓపికగా చెప్పారు. మొదట రెండు సీసాలు, గంట తరువాత మరొకటి ఇచ్చారు. నాలుగు గంటలకు అమ్మ కాఫీ అడిగింది.

మెక్సికోలో తయారైన ఇటువంటి విరుగుడుకే అమెరికాలో 2011లో అనుమతి లభించింది. మా ఆరిజోనాలో దానికి వేల డాలర్ల బిల్లు వచ్చినవారున్నారు. అందుకే పర్సు పట్టుకుని భయంభయంగా బల్ల దగ్గర నిలబడ్డాను. నర్సు చేతితోనే వద్దని సైగ చేసి, అమ్మ చెప్పులు చూపించి, వేసుకునే ముందు దులపమని నటించి చూపించింది. రెండు రోజుల తరువాత, సూర్యాస్తమయ వేళ తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతుంటే అమ్మ కూడా వచ్చి చూసింది. మన కోస్తాకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే జాతివే అవి.

చివరగా ఒక మనవి. ఇంటావిడ కప్పిన దుప్పటి పొరపాటున మా పెట్టెలో వచ్చేసింది. ఉతికి మడత పెట్టాము. దానితోపాటు అమ్మ తన చేత్తో చేసిన సున్నుండల డబ్బా కూడా ఉంది. జనవరిలో ఫీనిక్స్ నుంచి ప్వెర్తో వయార్త వైపు వెళ్లేవారు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయండి. పొట్లం విమానాశ్రయంలో మేమే తెచ్చి ఇస్తాము.