ర్యాంకు లిస్టు పోయినా భయం పోలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ పేపర్లో ఇంపోస్టర్ సిండ్రోమ్ (అర్హత ఉండి పైకొచ్చినా, దీనికి నేను తగనేమో, ఎప్పుడో బయటపడిపోతానేమో అనే భయం) మీద వచ్చిన ఆర్టికల్ చదివాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అనుకోమన్నారు. అనుకుంటే పోయేదేం లేదు గానీ నాలాంటి వాళ్ళకి అది బస్సెక్కే దాకా కూడా నిలవదండీ.

నేను ఒక బ్యాంకులో బ్రాంచ్ మేనేజర్ని. పరీక్ష రాసే ఉద్యోగంలోకి వచ్చాను, ప్రమోషన్ కూడా పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్ళే తెచ్చుకున్నాను, అయినా ట్రాన్స్‌ఫరై కొత్త బ్రాంచ్‌లో ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ "పొరపాటున నన్నిక్కడ కూర్చోబెట్టారు, ఇవాళో రేపో బయటపడిపోతుంది" అనే గొడవ మొదలవుతుంది. సీనియర్ క్యాషియర్ గారు మామూలుగానే "ఇదివరకటి సార్ ఇలా చేసేవారు మేడం" అన్నారంటే చాలు, ఇక ఆ రోజంతా అదే. పోయిందనుకున్నది ఊరు మారగానే మళ్ళీ వస్తుంది, అందుకే ఒకసారి జయించేస్తే అయిపోతుందన్నట్టు రాస్తే నాకు మింగుడుపడదు.

నేను చేసేది ఒకటి చెప్తా. డౌటు వస్తే అది పని మీదా, నా మీదా అని చూసుకుంటా. హౌసింగ్ లోన్ ఫైలు వచ్చిందనుకోండి, లాయర్ గారి లీగల్ ఒపీనియన్ ఉంది, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) ఉంది, లింకు డాక్యుమెంట్లున్నాయి, అయినా మనసు పీకుతోంది. సరే, ఈసీలో సర్వే నంబరు, డాక్యుమెంట్లో నంబరు పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదువుతా, అప్పటికీ తేలకపోతే రీజనల్ ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతా. ఇది పనికొచ్చే డౌటు, జీతమిచ్చేదే దీనికి. అన్నీ సరిచూసి సంతకం పెట్టి ఇంటికొచ్చాక రాత్రి పదకొండింటికి "అసలు నువ్వు మేనేజర్‌వేంటి" అంటుంది చూడండి, అది ఏ సర్క్యులర్ తిరగేసినా తేలేది కాదు. దాంతో వాదన పెట్టుకోను. దాని మాట విని ప్రమోషన్‌కి అప్లై చేయడం మాత్రం మానలేదు.

1978లో అమెరికాలో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు బాగా చదివి పైకొచ్చిన ఆడవాళ్ళలో దీన్ని గమనించి పేపర్ రాశారు. మగవాళ్ళకీ ఉంటుందని తర్వాత తేలింది (మా బ్యాచ్ మగ మేనేజర్లు చెప్పుకోరు, టీ కొట్టు దగ్గర టార్గెట్లని తిట్టుకుంటారంతే). డాక్టర్ల జబ్బుల లిస్టులో ఇది లేదు. అలాగని నిద్రా తిండీ దెబ్బతినే దాకా వస్తే ఊరుకోకూడదు, 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.

ఆ ఇద్దరు సైకాలజిస్టులూ దీని మూలం వెతుకుతూ చిన్నప్పుడు ఇంట్లో పడిన ముద్రల దాకా వెళ్ళారు, మనకైతే ఇంటర్ దాకా వెళ్తే చాలు. వారం వారం టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకు లిస్టు, మార్కులు తగ్గితే పరుపూ పుస్తకాలూ పట్టుకుని కింది సెక్షన్‌కి పోవడం, పై సెక్షన్ వాళ్ళు మెస్‌లో పలకరించకపోవడం. మనమెంతో ప్రతి వారం ఎవరో ఒకరు గోడకి అంటించి చెప్పేవారు. ఉద్యోగంలో ఆ లిస్టు ఉండదు, ఉండకపోయేసరికి మనమే ఆఖర్లో ఉన్నామేమో అనుకుంటాం.

చివరిగా మీకో మాట, కోపం తెచ్చుకోకండి. లోపలి పేజీలో ఆత్మవిశ్వాసం గురించి రాస్తారు, రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మొదటి పేజీ నిండా ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు అని పాస్‌పోర్ట్ ఫొటోలేస్తారు. యాడ్స్ మానేయమంటే మానరని తెలుసు. కనీసం ఆ వారం, ర్యాంకు రాని పిల్లలు ఏ కోర్సుల్లో చేరొచ్చో, ఫీజులెంతో, అప్లికేషన్లకి ఆఖరి తేదీ ఎప్పుడో ఒక ఫుల్ పేజీ వేయండి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
ఖమ్మం